ఫ్రేముకు అటు చివర

జులై 7, సోమవారం

గ్యాలరీలో కొత్తమ్మాయి చేరింది. పేరు భానుప్రియ, మైపాడు జాలర్ల కుప్పం. ఇంతకుముందు పెళ్ళిళ్ళకు స్టేజీ డెకరేషన్ చేసేదట. నెల్లూరులో తను పూలు కట్టని కల్యాణ మంటపం లేదట. ఎవరూ అడగలేదు, తనే చెప్పింది.

"ప్రత్యూషా, నీ కింద పెట్టుకొని పని నేర్పించు" అన్నాడు మా సీనియర్ ఫ్రెడ్డీ అన్న. నీ కింద అన్న మాట బాగుంది. నేర్పిస్తాను, నాకు పోయేదేముంది.

వచ్చీ రాగానే గ్లౌజులు లేకుండా కాన్వాసు అంచు పట్టుకోబోయింది. చెయ్యి మీద కొట్టినంత పని చేశాను. "ఏందక్కా, కొత్త పెళ్ళికూతుర్ని గూడా ఇంత కాపలా కాయరు గదా" అంది నవ్వుతూ. ఫ్రెడ్డీ అన్న కూడా నవ్వాడు. నా మాటకు ఆయన ఎప్పుడైనా అట్లా నవ్వాడా అని దారిపొడుగునా స్కూటీ మీద ఆలోచించాను. గుర్తు రాలేదు.

జులై 11

అమ్మ మళ్ళీ మొదలుపెట్టింది. పక్కింటి గురవమ్మ అత్త వచ్చి మీ అమ్మాయి ఏం ఉద్యోగం చేస్తుందని అడిగితే "విజయభాస్కర్ గారి ఆఫీసులో" అని చెప్పింది. ఆఫీసు కాదమ్మా, గ్యాలరీ అన్నాను. బొమ్మలు వేసేవాళ్ళు వేరు, కొనేవాళ్ళు వేరు. మధ్యలో వాటిని పెట్టెలోంచి దెబ్బ తగలకుండా తీసి, గోడకు తగిలించి, లైటు సరిచేసి, మళ్ళీ పెట్టెలో సర్ది పంపేది మేము. ఆర్ట్ టెక్నీషియన్ అంటారు. ఇదంతా ఎన్నోసారి చెప్తున్నానో.

అమ్మ ఓపిగ్గా విని, "మేకులు కొట్టేదానికి బీకాం ఎందుకమ్మే" అంది.

జులై 24, గురువారం

మనసు బాగాలేదు.

పెద్ద ఫ్రేము ఇద్దరు మోస్తారు, ఒకరే మాట్లాడాలి. ఎత్తు, ఆగు, గడప ఉంది, దించు అని ఆ ఒక్కరే చెప్పాలి. రెండోవాళ్ళు నోరు మూసుకొని వినాలి. ఇద్దరూ మాట్లాడితే అద్దం పగులుతుంది. ఎవరు మాట చెప్తారో వాళ్ళే ఆ పూటకు పెద్ద. ఇన్నాళ్ళూ ఫ్రెడ్డీ అన్న చెప్పేవాడు, నేను వినేదాన్ని. ఆయన లేనప్పుడు నేను చెప్పేదాన్ని, వాచ్‌మన్ హజరత్తయ్య వినేవాడు.

ఇవాళ ఆ పెద్ద సముద్రం ఫోటో ఎత్తాలి. నేను ఒక చివర, భానుప్రియ ఒక చివర. నోరు తెరవబోతున్నాను, ఫ్రెడ్డీ అన్న "ఈసారి భాను చెప్తుంది" అన్నాడు. చేరి నెల కూడా కాలేదు.

ఆ పిల్ల ఏమాత్రం తడుముకోకుండా "ఐలెస్సా" అని మొదలుపెట్టింది. వాళ్ళ నాన్న చెంచయ్య వాళ్ళు ఒడ్డు నుంచి వల లాగేటప్పుడు అట్లాగే అంటారట. గ్యాలరీలో ఐలెస్సా ఏమిటి, ఫ్రేములో చేపలు పడ్డాయా అన్నాను. ఎవరూ నవ్వలేదు. ఫ్రేము మాత్రం పువ్వులాగా లేచింది. రాయడానికి ఇష్టం లేదు, కానీ లేచింది.

జులై 25

నాకు కుళ్ళేమీ లేదు. పద్ధతి గురించే నా బాధ.

ఆగస్టు 18, సోమవారం

ఫ్రెడ్డీ అన్న వెళ్ళిపోతున్నాడు. దీపావళి కాగానే బెంగుళూరులో మ్యూజియం ఉద్యోగం. ఇక్కడ ఆయన స్థానంలో మా ఇద్దరిలో ఒకరిని పెట్టమని విజయభాస్కర్ గారితో చెప్తాడట. ఎవరి పేరో ఇంకా అనుకోలేదట. టీ తాగుతూ మామూలుగా చెప్పాడు. నా గ్లాసులో టీ చల్లారిపోయింది.

అనుకోవడానికి ఏముంది?

విజయభాస్కర్ గారు రొయ్యల్లో సంపాదించి, మూతపడిన ఐస్ ఫ్యాక్టరీ కొని, గోడలకు తెల్లరంగు వేయించి బొమ్మలు పెట్టినప్పుడు ఇందుకూరుపేట అంతా నవ్వింది. అప్పుడు టికెట్ల దగ్గర కూర్చోవడానికి వచ్చినదాన్ని నేను. చూసేవాళ్ళు ఎవరూ రాకపోతే టికెట్లు వదిలేసి ఫ్రెడ్డీ అన్న నిచ్చెన పట్టుకొని నిలబడేదాన్ని. డ్రిల్లు పట్టడం నేర్చుకోవడానికి మా గొడ్లపాక గోడంతా జల్లెడ చేశాను. నాన్న తిట్టిన తిట్లు ఇంకా చెవుల్లో ఉన్నాయి. రసమట్టం పెట్టకుండా కంటితో చూసి ఫ్రేము వంకర చెప్పగలను. ఉప్పుగాలికి ఏ కాగితం ఎట్లా ముడతపడుతుందో, పెట్టెలో తేమ పీల్చే పొట్లాలు ఎప్పుడు మార్చాలో ఫ్రెడ్డీ అన్నకు గుర్తు చేసేది నేను. నేను పట్టుకున్న బొమ్మకు ఇంతవరకూ గీత పడలేదు.

ఆ పిల్ల మొన్న ఒక ఫ్రేము మూల తలుపుకు కొట్టింది. కొట్టి, తనే పరిగెత్తుకుంటూ పోయి అందరికీ చెప్పింది, ఘనకార్యం చేసినట్టు.

నాకే రావాలి.

ఆగస్టు 29

విజయభాస్కర్ గారు వచ్చారు. "ఏం భానూ, మీ నాయన వేటకు పోతుండాడా" అని పలకరించారు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు... టికెట్ల అమ్మాయివి గదా?" అన్నారు.

అన్నం సయించలేదు.

సెప్టెంబర్ 12

తోటపల్లి గూడూరు నుంచి స్కూలు పిల్లలు వచ్చారు. మా ఊరి పిల్లలు. మా వీధి పిల్లలు కూడా ఉన్నారు. అందరూ పోయి భానుప్రియ చుట్టూ మూగారు. గ్లౌజులు తొడిగించి, ఉత్త ఫ్రేము ఇచ్చి, ఐలెస్సా అని మోయించింది. ఒకటే గోల. వెళ్ళేటప్పుడు నాకు టాటా చెప్పినది టీచరు ఒక్కతే.

నాకు కుళ్ళు లేదు. తలనొప్పి.

సెప్టెంబర్ 29, సోమవారం

చెన్నై నుంచి పెట్టె వచ్చింది. ఏసీ లారీలో వచ్చిన పెట్టెను వెంటనే తెరవకూడదు, ఒక రోజు ఇక్కడి గాలికి అలవాటు పడనివ్వాలి. భానుప్రియ సెలవులో ఉంది, పినతండ్రి కూతురి ఓణీల ఫంక్షను. గ్యాలరీ ఎంత ప్రశాంతంగా ఉందో. నేనూ ఫ్రెడ్డీ అన్నా, పాత రోజుల్లాగా.

సెప్టెంబర్ 30

పెట్టె తెరిచాం. పడవలు చేసే వడ్రంగి పనిముట్లు. బాడిత, ఉలులు, కొయ్య సుత్తులు, రంపం, అన్నిటికీ తెల్లటి సున్నం పూత. అవే కళాఖండం. చేసినాయన వాళ్ళ తండ్రి పడవల వడ్రంగి అట, ఆయన పోయాక ఆయన పనిముట్లకు సున్నం పూసి ఇట్లా చేశాడట. సున్నం పచ్చిగానే ఉంచాడు, పైన ఏ పూతా లేదు, వేలు తగిలినా అంటుకుంటుంది. చూస్తుంటే నాకు ఏదోలా అయింది. మనిషి పోయినా చేతిపట్టు మిగిలినట్టు పిడులన్నీ అరిగి ఉన్నాయి.

పనిగదిలో బల్ల మీద పరిచాం. ఫ్రెడ్డీ అన్న పండక్కి సూళ్ళూరుపేట పోతున్నాడు. "బల్ల చుట్టూ టేపు కట్టి, ముట్టుకోవద్దని బోర్డు పెట్టు. భానుకి తెలీదు, రేపు రాగానే చెప్పు" అన్నాడు.

టేపు అయిపోయింది. రేపు పొద్దున చూడాలి.

అక్టోబర్ 1, బుధవారం

ఆయుధ పూజ. పనిగదిలోనే చేశాం. డ్రిల్లు, రసమట్టం, నిచ్చెన, తోపుడు బండి, అన్నీ కడిగి పెట్టాం. భానుప్రియ చేమంతులు తెచ్చి దండలు కట్టింది. అన్నిటికీ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. హజరత్తయ్య కొబ్బరికాయ కొట్టాడు. మరమరాలు, బొరుగులుండలు పంచాం.

బొట్లు పెట్టేటప్పుడు నేను నిచ్చెన దగ్గర ఉన్నాను.

అక్టోబర్ 3, శుక్రవారం

ఫ్రెడ్డీ అన్న వచ్చి లైటు వేశాడు. వేసినవాడు అట్లాగే నిలబడిపోయాడు.

బాడితకు, ఉలులకు, సుత్తులకు, అన్నిటికీ బొట్లు. సున్నానికి పసుపు తగిలితే ఏమవుతుందో దిష్టినీళ్ళు తీసిన ఇంట్లో ఎవరికైనా తెలుసు. ఎర్రగా, పుండు మీద చెక్కు లేపినట్టు, లోపలికి దిగింది. కుంకుమ ఇంకా నయం, పైపైనే ఉంది.

"ఎవరు?" అన్నాడు.

"నేనేనన్నా" అంది భానుప్రియ. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మన కార్పెంటరు పనిముట్లేమో, పండక్కని సున్నం కొట్టి పెట్టినారేమో అనుకున్నా." తర్వాత ఏడ్చింది. ఏడుపు కూడా పెద్దగానే ఏడుస్తుంది, దాపరికం లేదు.

ఫ్రెడ్డీ అన్న నా వైపు తిరిగి, "బోర్డు పెట్టలేదా?" అన్నాడు.

"టేపు అయిపోయింది" అన్నాను. నిజమే చెప్పాను.

విజయభాస్కర్ గారు ఫోనులో అరిచిన అరుపులు గది బయటికి వినిపించాయి. ఆ పిల్లను తీసేయమన్నారు. ఫ్రెడ్డీ అన్న బతిమాలాడు.

అక్టోబర్ 4

నేను నిచ్చెన దగ్గర ఉన్నాను. అక్కడి నుంచి ఆ బల్ల సరిగ్గా కనిపించదు.

అక్టోబర్ 6, సోమవారం

కనిపించినా, అప్పటికే మొదటి బొట్టు పెట్టేసింది. ఒకటి పెట్టాక మిగతావి ఆపినా ఒకటే, ఆపకపోయినా ఒకటే. పనిమీద ధ్యాస ఉన్నవాళ్ళు ఏది పనిముట్టో ఏది కళాఖండమో చూసుకోవాలి. స్టేజీలకు పూలు కట్టడం కాదు కదా ఇది.

అమ్మకు చెప్తే, "అయ్యో పాపం, ఎవరి కన్ను పడిందో ఆ బిడ్డ మీద" అంది. నేను కంచం ముందు నుంచి లేచి వచ్చేశాను.

అక్టోబర్ 9

చెన్నై నుంచి డెబోరా మేడం వచ్చారు. దెబ్బతిన్న బొమ్మలు బాగుచేసే ఆవిడ. పొట్టిగా, నెరిసిన క్రాపుతో, కళ్ళద్దాల మీద ఇంకో అద్దం పెట్టుకొని ఉలి మీదికి వంగి చాలాసేపు చూశారు. బాగవుతుంది గానీ మెల్లగా అవుతుందన్నారు. దూది చుట్టిన పుల్లతో కొంచెం కొంచెంగా తీయాలి, పక్కన ఒక మనిషి కావాలి అన్నారు.

నేను ముందుకు వచ్చాను. గ్లౌజులు కూడా తొడుక్కున్నాను.

"వద్దు ప్రత్యూషా, నీకు హాల్లో పనుంది. పెట్టినవాళ్ళే కూర్చొని తీయాలి, అది భాను పని" అన్నాడు ఫ్రెడ్డీ అన్న. శిక్ష అన్నమాట. రోజంతా వంగి కూర్చొని దూదిపుల్లలు చుట్టాలి. బాగా అయింది అనుకున్నాను.

అక్టోబర్ 14

ఎప్పుడు పనిగది ముందు నుంచి పోయినా ఇద్దరూ పక్కపక్కనే. మేడం ఏదో చెప్తుంటుంది, ఆ పిల్ల వింటుంటుంది. ఇన్నాళ్ళలో భానుప్రియ నోరు మూసుకొని వినడం ఇదే చూడటం.

అద్దం ఆ పిల్లకు ఇచ్చింది. తన సొంత అద్దం.

అక్టోబర్ 17, శుక్రవారం

నా పేరే చెప్పాడు! విజయభాస్కర్ గారు పిలిచి, "ఇకనుంచి పనంతా నువ్వే చూసుకో అమ్మా" అన్నారు. పేరు పెట్టి పిలిచారు, ప్రత్యూషా అని.

సాయంత్రం నెల్లూరు నుంచి స్వీట్లు తెప్పించాను. భానుప్రియకు ఇస్తే రెండు తీసుకుంది. "మంచిదక్కా, నువ్వు బాగా చేస్తావు" అంది. అంతే అంది. ఇంకేమైనా అంటుందేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాను.

అమ్మ గురవమ్మ అత్తను పిలిచి మరీ చెప్పింది. ఆఫీసులో పెద్ద ఉద్యోగం వచ్చిందని.

అక్టోబర్ 20, దీపావళి

సంతోషంగా ఉంది.

అక్టోబర్ 27, సోమవారం

శనివారం ఫ్రెడ్డీ అన్న వెళ్ళిపోయాడు. తన డ్రిల్లు నాకు ఇచ్చాడు. "గోడలు నీకు బాగా తెలుసు. మనుషుల్ని కూడా కాస్త చూసుకో" అన్నాడు. ఏ ఉద్దేశంతో అన్నాడో.

ఉలులన్నీ తెల్లబడ్డాయి. బాడిత ఒక్కటి మిగిలింది. నేను వంగి వెతికినా మరక ఎక్కడుండేదో కనిపెట్టలేకపోయాను. మేడం చేసింది ఏది, ఆ పిల్ల చేసింది ఏది అని అడిగాను. "చెప్పుకోండి చూద్దాం" అని నవ్వారు మేడం.

అక్టోబర్ 30

రాయకుండా ఉండలేను.

డెబోరా మేడం ఆ పిల్లను చెన్నై తీసుకుపోతున్నారు. తన దగ్గర పెట్టుకొని ఈ విద్య అంతా నేర్పుతారట. పాత బొమ్మలు, గుడి రథాల కొయ్య బొమ్మలు, తంజావూరు పటాలు. జీతం ఇచ్చి మరీ నేర్పుతారట. "తప్పు చేసి ఒప్పుకున్న మనిషి రెండోసారి వంద కళ్ళతో చూస్తుంది. ఈ పనికి అట్లాంటి మనిషి కావాలి" అన్నారు విజయభాస్కర్ గారితో, నా ఎదురుగానే.

నేను మేకులు కొట్టుకుంటూ ఇక్కడే. ఆ పిల్ల చెన్నైలో అద్దం పెట్టుకొని. మూడేళ్ళు గీత పడకుండా పని చేసినందుకు నాకు నిచ్చెన, పసుపు పూసి చెడగొట్టినందుకు దానికి చదువు. ఇదెక్కడి న్యాయం? ఆ బొట్లేవో నేనే పెట్టి ఉంటే నేనే కూర్చునేదాన్ని ఆవిడ పక్కన. ఒళ్ళంతా మండిపోతోంది. అవును, కుళ్ళే. కుళ్ళు కాకపోతే ఏమిటి? కళ్ళు మూసుకుంటే ఆ అద్దమే కనిపిస్తోంది.

బాడిత తెల్లబడింది. ఆర్టిస్టు ఫోటోలు చూసి సరేనన్నాడు.

నవంబర్ 3, సోమవారం

ఇవాళ భానుప్రియ ఆఖరి రోజు.

వాన. హజరత్తయ్య జ్వరమని రాలేదు. సముద్రం ఫోటోను పెద్ద హాల్లోంచి వెనక గదికి మార్చాలి, పైకప్పులో చెమ్మ కనిపించింది. వేరే మనిషి లేదు. "పోయేముందు ఒక చెయ్యి వెయ్యి" అన్నాను. "దానికేందక్కా" అని గ్లౌజులు తొడుక్కుంది.

పెద్దను కాబట్టి నేనే మాట చెప్పాలి. "ఎత్తు" అన్నాను. లేచింది. "నడువు" అన్నాను. నేను వెనక్కి, అది ముందుకు. మధ్యలో నిలువెత్తు అద్దం. అద్దంలో సముద్రం, సముద్రం పైన ఆ పిల్ల ముఖం.

హాలు సగం దాటాం. అంత బరువు చేతిలో ఉండగా కింద పెట్టడానికి లేదు, వదలడానికి లేదు. అప్పుడు మాట్లాడింది. మోసేటప్పుడు రెండోవాళ్ళు మాట్లాడకూడదని దానికి నేర్పింది నేనే.

"అక్కా, ఆ రోజు నేను నిన్ను అడిగినా."

"గడప ఉంది" అన్నాను. గడప ఇంకా దూరంగా ఉంది.

"ఇవేందక్కా, వీటికి గూడా పెట్టేదా అని అడిగినా. పసుపు కుంకుమ పళ్ళెం నీ చేతుల్లోనే ఉండింది. నువ్వు అవునన్లా, కాదన్లా. పళ్ళెం నా ముందుకు జరిపినావు."

వెనక్కి ఒక అడుగు వేశాను.

"ఫ్రెడ్డీ అన్నకు చెప్పలేదే?" అన్నాను.

"నువ్వే చెప్తావని చూసినా. నీకా ఉద్యోగం మీద అంత ఆశ ఉంటే ఉండనీలే, రేపు చెప్తుంది, ఎల్లుండి చెప్తుంది అనుకున్నా. స్వీట్లు ఇచ్చినావే, అప్పుడన్నా చెప్తావేమోనని రెండోది గూడా తీసుకున్నా, కాసేపు నిలబడతావని." తనూ ఒక అడుగు వేసింది. "ఆ తర్వాత చూడ్డం మానేసినా."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని.

గడప నిజంగానే వచ్చింది. నేను చెప్పాలి. నోరు తెరిస్తే మాట రాలేదు. ఫ్రేము అదరడం మొదలైంది, అద్దంలో సముద్రం కదులుతోంది. "గడపక్కా. కాలెత్తు" అంది భానుప్రియ. ఎత్తాను. "ఎడంపక్కకు రా." వచ్చాను. "ఇంక దించు. మెల్లిగా." దించాను.

గ్లౌజులు విప్పి మడిచి నా చేతికిచ్చింది. బస్సుకు టైమవుతుందని వెళ్ళిపోయింది. నేను ఆ గదిలోనే కూర్చొని ఇది రాస్తున్నాను.

ఏడవాలి, లేకపోతే సిగ్గుపడాలి. ఆ రెండూ తర్వాత చేస్తానేమో. ఇప్పుడు నా మనసులో ఉన్నది ఇంకొకటి, ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. ఆ మాటలన్నీ చెప్తున్నంతసేపూ ఫ్రేము దాని వైపు వెంట్రుకంత కూడా కదల్లేదు. వణికింది నా వైపే.